సిలికాన్ బ్రెస్ట్ ఫార్మ్స్: చీర కట్టే మగాడి రివ్యూ

నేను చీర కట్టుకునే మగాణ్ణి. పెళ్ళయింది, మా ఆవిడకి తెలుసు, ఆఫీసులో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఆపరేషన్‌లో రొమ్ము తీసేసిన ఆడవాళ్ళ కోసం తయారయ్యే మెడికల్ సిలికాన్ ఫార్మ్స్, అంటే బ్రాలో పెట్టుకునే కృత్రిమ రొమ్ములు, త్రికోణం ఆకారంవి, ఒక జత కొని కొంతకాలంగా వాడుతున్నాను. వాటికి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. పోల్చడానికి ఇంకో రెండు రకాలు కూడా ఒంటిమీద వేసుకుని చూశాను. ఒకటి ఆన్‌లైన్‌లో ‘క్రాస్‌డ్రెస్సర్ల కోసం’ అని అమ్మే టియర్‌డ్రాప్ (కన్నీటి బొట్టు ఆకారం) జత. రెండోది మెడ దాకా వచ్చే సిలికాన్ తొడుగు, దాన్ని బ్రెస్ట్‌ప్లేట్ అంటారు, అది బెంగుళూరులో ఉండే ఫ్రెండ్‌ది. చీరకీ జాకెట్టుకీ మన ఎండలకీ తట్టుకుని నిలబడింది మెడికల్ జతే. చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగి, తేలికది, మీరు అనుకున్నదానికంటే ఒక సైజు చిన్నది తీసుకోండి. మిగతావాళ్ళు రండి.

సైజు సంగతి ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే డబ్బులు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. మనసులో సినిమా హీరోయిన్ ఉంటుంది కాబట్టి ఆర్డర్ పెట్టేటప్పుడు వేలు నేరుగా డి కప్పు మీదకి పోతుంది. కానీ ఒట్టి కప్పు అక్షరానికి అర్థం లేదు, దాన్ని బ్యాండ్ కొలతతో, అంటే ఛాతీ కింద చుట్టుకొలతతో కలిపి చూడాలి. 34సి, 36బి, 38ఎ, ఈ మూడింట్లో కప్పులో పట్టేది ఒకటే. అలాగే 34డి, 36సి, 38బి ఒకటే. మగవాళ్ళలో చాలామందికి ఛాతీ కింద కొలత 36, 38, 40 దగ్గర ఉంటుంది. అంటే 38 బ్యాండ్ ఉన్నవాడు బి కప్పు పెట్టుకున్నా, 34 బ్యాండ్ ఉన్న ఆడమనిషి డి కప్పుకి ఎంత ఉంటుందో అంతా వాడి మీద ఉన్నట్టే. భుజాలు వెడల్పు కాబట్టి అద్దంలో అంత కనబడదు, ‘అబ్బే చిన్నగా ఉంది’ అనిపిస్తుంది, ఇంకా పెద్దది తెప్పిస్తారు, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక అవస్థ పడతారు. కొలత తీసుకునేటప్పుడు ఊపిరి వదిలి, టేపు ఛాతీ కింద బిగువుగా, వీపు వెనక కిందికి జారకుండా పట్టుకోవాలి. ఒక్కరే తీసుకుంటే వెనక వంకర పోతుంది, అద్దం ముందు నిలబడండి.

ఇక బరువు. సిలికాన్ జెల్ దాదాపు నీళ్ళంత బరువే ఉంటుంది, కాబట్టి గ్రాములు తెలిస్తే పరిమాణం తెలిసినట్టే, 500 గ్రాముల ఫార్మ్ అంటే అరలీటరు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు చాలామంది 500, 600, 800, 1000, 1200, 1400 గ్రాములు అని రాస్తారు. అది జత బరువా, ఒక్కోదాని బరువా అన్నది చూసుకోకుండా డబ్బు కట్టకండి, ఎక్కువమంది రాసేది జత బరువే కానీ అందరూ కాదు. మెడికల్ కంపెనీలు సాధారణంగా గ్రాములు చెప్పవు, వాటికి సొంత నంబర్లు ఉంటాయి, బ్యాండూ కప్పూ చూసి చార్టులో నంబరు వెతుక్కోవాలి. నేను 38 బ్యాండ్, నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, నా జత వంటింటి కాటా మీద పెడితే రెండూ కలిపి 800 గ్రాముల లోపే తూగింది. చీరలో నిలబడితే ఆ ఒంటికి అది చక్కగా సరిపోయింది. నేను ఫ్రెండ్‌ది ఆ బ్రెస్ట్‌ప్లేట్ వేసుకున్న రోజున మా ఆవిడ చూసి, ‘ఏవండీ, నడిచేది మీరా, అదా?’ అని ఒక్క మాటే అంది. ఆ తర్వాత సైజు గురించి నాకెవరూ సలహా ఇవ్వక్కర్లేకపోయింది.

అసలు లోపల ఏముంటుందో చెప్తాను, ఎందుకంటే కడగడం, దాచడం, చిరగడం అన్నీ దానిమీదే ఆధారపడి ఉంటాయి. మామూలు ఫార్మ్‌లో మెత్తటి సిలికాన్ జెల్ ఉంటుంది, దాని చుట్టూ రెండు పల్చటి పాలీయూరిథేన్ పొరలు, అంచుల దగ్గర వేడితో అతికిస్తారు. నొక్కితే జున్నులా కదిలి మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. ‘లైట్ వెయిట్’ అని అమ్మేవాటిలో జెల్‌ని ఇంకా తేలికగా తయారుచేస్తారు, ఆకారం అదే, బరువు తక్కువ. ధర ఎక్కువే, కానీ మే నెలలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేసుకునేవాళ్ళకి ఆ తేడా భుజాల దగ్గర తెలుస్తుంది. కాకపోతే మరీ తేలికైనది పెట్టుకుంటే నడకలో కదలిక తగ్గుతుంది, బ్రా కూడా పైకి ఎగబాకుతుంది, అందుకని నేను మధ్యస్థంగా ఉన్నది తీసుకున్నాను.

ఆకారాల విషయంలో ఒక చిన్న చరిత్ర. బార్బీ బొమ్మని లోకానికి ఇచ్చిన రూత్ హ్యాండ్లర్‌కి 1970లో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది. అప్పట్లో అమెరికా షాపుల్లో దొరికే వాటితో ఆవిడకి ఒళ్ళు మండి, సొంతంగా కంపెనీ పెట్టి, ‘నియర్లీ మీ’ అనే పేరుతో ఎడమకి వేరు, కుడికి వేరుగా ఫార్మ్స్ చేయించింది. ఇప్పటికీ ఫార్మ్స్‌లో ఆ తేడా ఉంది. ఎడమ కుడి వేరుగా ఉండేవి చంక వైపు కొంచెం సాగి ఉంటాయి, మార్చి పెడితే చంకల్లో గుచ్చుకుంటాయి, మధ్యలో ఖాళీ కనబడుతుంది. త్రికోణానివి, టియర్‌డ్రాప్‌వి ఎటైనా పెట్టుకోవచ్చు. మనకి రెండు వైపులా ఛాతీ చదునే కాబట్టి ఎటైనా పెట్టుకునేవే సుఖం.

టియర్‌డ్రాప్ జత గురించి చెడుగా చెప్పను. పక్కనుంచి చూస్తే కింద నిండుగా, పైన వాలుగా, ఫొటోలో అదే అందంగా ఉంటుంది. ధర కూడా మెడికల్ జతలో మూడో వంతు కూడా లేదు. కానీ పైభాగం పల్చగా ఉండి మెడ ఎముక కింద చదునుగా మిగిలిపోతుంది, మగవాడి ఛాతీ ఎముకలు బయటపడేది అక్కడే. త్రికోణం జత పైకొస అక్కడిదాకా వచ్చి ఆ చోటు నింపుతుంది. దానికితోడు నా టియర్‌డ్రాప్ జత పొర బాగా పల్చన, కొన్న కొన్నాళ్ళకే అంచు దగ్గర జిగురుగా తగలడం మొదలైంది. అమ్మినవాడికి ఫొటో పంపితే, ‘ఒంటికి తగిలే వస్తువులు మేం వెనక్కి తీసుకోం’ అని చెప్పేశాడు. ఆ నియమం దాదాపు అందరిదీ, కాబట్టి చూడకుండా కొనేది ఏదైనా పోతే పోయిందనుకునే డబ్బుతోనే కొనాలి.

బ్రెస్ట్‌ప్లేట్ వేరే లోకం. మెడ నుంచి కడుపు దాకా ఒకటే సిలికాన్ తొడుగు, తలమీంచి వేసుకోవాలి, వేసుకునేటప్పుడు లోపల పౌడర్ చల్లకపోతే సగం దారిలో ఇరుక్కుపోతారు. లోపల దూది నింపినవి, జెల్ నింపినవి రెండు రకాలు. దూదివి తేలిక, కానీ బిర్రుగా ఉండిపోతాయి. జెల్‌వి కదలిక బాగుంటుంది కానీ కిలోల్లో బరువు. లో నెక్ జాకెట్టు వేసుకుని క్లోజప్ ఫొటో తీసుకోవాలంటే ఇదొక్కటే దారి, అది ఒప్పుకుంటాను. మెడ దగ్గర అంచు హారంతోనో చోకర్‌తోనో కప్పేస్తే ఎవరూ కనిపెట్టలేరు. కానీ సిలికాన్‌కి గాలి ఆడదు, చెమట ఎక్కడికీ పోదు. నేను ఏసీ గదిలో వేసుకున్నా, తీసేసరికి లోపలినుంచి నీళ్ళు కారాయి. పెళ్ళి సంగీత్‌లో స్కిట్టుకో, స్టేజీ మీద గంటసేపు లేడీ గెటప్‌కో సరే. ఇంట్లో చీర కట్టుకుని వంట చేసుకుంటూ మామూలుగా తిరగాలనుకునేవాళ్ళకి కాదు.

రంగు గురించి కూడా ఇక్కడే తిట్టేస్తాను. ఏ కంపెనీ చూసినా బీజ్, ఐవరీ, గులాబీ కలిసిన తెలుపు. చామనఛాయ అని వాళ్ళు అమ్మేది కూడా మన ఛాయకి దగ్గరగా ఉండదు. బ్రా లోపల పెట్టుకునేవాటికి దీనితో పనిలేదు, బ్రెస్ట్‌ప్లేట్‌కి మాత్రం మెడ దగ్గర రెండు రంగులు కనబడి పరువు తీస్తుంది, ఫౌండేషన్‌తో కలపాలి, ఆ ఫౌండేషన్ మరక మళ్ళీ సిలికాన్‌ని పట్టుకుని వదలదు.

ఇంత సరంజామా లేని రోజుల్లోనే మన దగ్గర ఆడవేషం శిఖరానికి వెళ్ళిందని గుర్తుపెట్టుకోవాలి. నాటకాల్లో ఆడవేషాలకి పేరు పొందిన బాపట్ల స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ, కూచిపూడి భామాకలాపంలో సత్యభామగా పేరు పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ. తిరుపతి గంగజాతరలో ఇప్పటికీ మొక్కున్న మగవాళ్ళు చీర కట్టి పూలు పెట్టుకుని వీధిలో నడుస్తారు, చూసి ఎవరూ నవ్వరు. నిలబడే తీరు, మెడ తిప్పే తీరు సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన సిలికాన్ అయినా చేసేదేమీ లేదు. ముఖ్యంగా బరువు ముందుకి లాగుతుంటే మనం తెలీకుండా భుజాలు ముందుకి వంచేస్తాం, అప్పుడు జాకెట్టు వెనక వీపు మీద ముడతలు పడతాయి. వీపు నిటారుగా పెట్టి మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచుకుంటే సగం పని అయిపోతుంది.

బ్రా లేకుండా ఫార్మ్ ఒక ముద్ద మాత్రమే. వీటికోసమే లోపల గుడ్డ జేబులు కుట్టిన పాకెట్ బ్రా దొరుకుతుంది, మెడికల్ ఫార్మ్స్ అమ్మేచోటే ఉంటుంది. ధర చూసి గుండె జారితే, ప్యాడ్ లేని ఫుల్ కవరేజ్ కాటన్ బ్రా కొని, పాత మల్లు గుడ్డతో లోపల జేబు కుట్టుకోండి, పక్కనుంచి దూర్చేలా చంక వైపు నోరు వదలాలి. మా ఇంట్లో రెండూ ఉన్నాయి, కుట్టినదే మెత్తగా ఉంది. వైర్ ఉన్న బ్రా మాత్రం వద్దు, వైరు కొస గుడ్డలోంచి బయటికి వస్తే నేరుగా ఫార్మ్‌లోకి దిగుతుంది. ప్యాడెడ్ బ్రాలో చోటే ఉండదు. పట్టీలు వెడల్పుగా ఉండాలి, సన్నపు పట్టీలైతే రెండు గంటల్లో భుజాల మీద గీతలు పడతాయి. అసలు బరువు మోయాల్సింది పట్టీలు కాదు, ఛాతీ కింద బ్యాండ్, అందుకని బ్యాండ్ బిగువుగా, పట్టీలు కొంచెం వదులుగా పెట్టుకుని చూడండి.

జేబు ఎందుకంత ముఖ్యమో చీర కట్టేటప్పుడు అర్థమవుతుంది. కుచ్చిళ్ళు సరిచేసుకోవడానికి వంగుతారా, జేబు లేకపోతే రెండూ ముందుకి జారి జాకెట్టు మెడలోంచి తొంగిచూస్తాయి. పెట్టుకున్నాక ఒకసారి వంగి, రెండు చేతులూ పైకెత్తి, కుర్చీలో కూర్చుని లేచి చూసుకుని అప్పుడు జాకెట్టు వేసుకోండి. ఎక్కడ పెట్టాలన్నది కూడా ఉంది. మగవాడి ఛాతీ మీద చనుమొనలు పైకి, పక్కలకి ఉంటాయి, వాటిని కొలతగా పెట్టుకుంటే మొత్తం మెడ కిందికి ఎక్కేస్తుంది. భుజానికీ మోచేతికీ మధ్య సగం దూరంలో మొన రావాలి, కొంచెం కిందికైనా ఫర్వాలేదు, పైకి మాత్రం వద్దు.

జాకెట్టు దగ్గర టైలర్ టెన్షన్ అందరికీ ఉంటుంది. మేం చేసినదేంటంటే, ఇంట్లో ఫార్మ్స్ పెట్టుకుని మా ఆవిడ కొలతలు తీసి ఒక పాత గుడ్డతో కచ్చా కుట్టు వేసింది, దాన్నే ఆది జాకెట్టుగా టైలరమ్మకి ఇచ్చాం. ఆవిడ ఏమీ అడగలేదు, ‘భుజాలు బాగా వెడల్పమ్మా’ అని మాత్రం అంది. ఛాతీ చుట్టు కొలత ఫార్మ్స్‌తో కలిపి తియ్యాలి, భుజం నుంచి మొన దాకా కొలత వేరుగా చెప్పాలి, మనకి మెడ నుంచి నడుం దాకా పొడవు ఎక్కువ కాబట్టి మామూలు జాకెట్టులో టక్కులు మొన పైన ఆగిపోతాయి. చేతి లూజు, చంక లూజు మగవాళ్ళకి ఎక్కువ కావాలి, అది మర్చిపోతే చెయ్యి ఎత్తగానే కుట్టు పోతుంది. నాకు ప్రిన్సెస్ కట్ బాగా కుదిరింది, నాలుగు టక్కుల మామూలు జాకెట్టులో కంటే గుండ్రంగా వచ్చింది. లోపల కుట్టు ఒక అంగుళం వదలమని చెప్పండి, తర్వాత సైజు మార్చుకున్నా విప్పుకోవచ్చు. ముందు మెడ లోతు ఆరు అంగుళాలు దాటితే త్రికోణం పైకొస కనబడే ప్రమాదం ఉంది, పైట ఉంది కదా అనుకోవద్దు, పైట జారడానికే ఉంటుంది.

పిన్నీసుల గురించి ప్రత్యేకంగా. భుజం మీద పైటకి పెట్టే పిన్నుతో ఇబ్బంది లేదు, అది ఫార్మ్‌కి పైన ఉంటుంది. ఛాతీకి అడ్డంగా కుచ్చు పెట్టి జాకెట్టుకి గుచ్చే పిన్ను మాత్రం పొరలోకి దిగుతుంది. ఎంత సన్నటి రంధ్రం పడినా లోపలి జెల్ జిగురుగా మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. పొడుగాటి గోళ్ళు, రాళ్ళ ఉంగరాలు, వాచీ బకిల్, ఇంట్లో పిల్లి ఉంటే పిల్లి, అన్నీ శత్రువులే. గాజులు, ఉంగరాలు ఆఖర్న వేసుకోవడం అలవాటు చేసుకోండి. చిల్లు పడితే పాలీయూరిథేన్ పొరకి శాశ్వత రిపేరు లేదు, మెడికల్ టేపు అంటించి ఆ రోజుకి గట్టెక్కవచ్చు. బ్రెస్ట్‌ప్లేట్ చిరిగితే సిలికాన్ జిగురుతో అతుకుతుంది. దేనికైనా సరే ఫెవిక్విక్ పెట్టకండి, సిలికాన్‌కి అది పట్టదు, పట్టినచోట గట్టిపడి ఒరుసుకుంటుంది.

నేరుగా ఒంటికి అతికించుకునే పద్ధతి గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. వెనక జిగురు పొర ఉన్న ఫార్మ్స్ ఉన్నాయి, లేదంటే మెడికల్ అడ్హెసివ్ స్ప్రే కొట్టి మామూలువి అతికించుకుంటారు. బ్రా లేకుండా నిలబడడం, ఒంటితో పాటు కదలడం బాగానే ఉంటుంది. కానీ ఛాతీ మీద వెంట్రుకలు ముందురోజే తీసేయాలి, అదేరోజు గీస్తే మంటే మంట. ముందు ముంజేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడాలి, ఎర్రబడితే అక్కడితో ఆ ఆలోచన మానుకోవాలి. తీసేటప్పుడు రిమూవర్‌తో అంచులనుంచి మెల్లగా తియ్యాలి, లాగితే చర్మం లేస్తుంది. ఇన్ని చేసినా హైదరాబాద్ ఏప్రిల్ చెమటకి అది జారుతుంది. విజయవాడలో అయితే చెప్పక్కర్లేదు. డిసెంబర్‌లో, ఏసీ హాల్లో, వీపు తెరిచిన జాకెట్టుకి తప్ప నేను దాని జోలికి వెళ్ళను.

చర్మం సంగతి ఇంకొంచెం. ఫార్మ్ వెనకా, కింది మడతలోనూ చెమట నిలిస్తే మొదట చెమటకాయలు, అశ్రద్ధ చేస్తే తామర. పాకెట్ బ్రాలో ఉన్న కాటన్ పొర దీనికి పెద్ద రక్షణ. వేసుకునే ముందు ఛాతీ కడిగి పూర్తిగా తుడుచుకోవాలి, కొబ్బరినూనె, బాడీ లోషన్ రాసుకుని వెంటనే పెట్టుకోకూడదు, నూనె ఆ పొరని పాడుచేస్తుంది, అతికించుకునేవైతే పట్టనే పట్టవు. ఎక్కువసేపు వేసుకునే రోజు మధ్యలో ఒకసారి తీసి, బ్రా లోపల తుడిచి, పది నిమిషాలు గాలి తగలనిస్తే సాయంత్రానికి దురద ఉండదు. ఎర్రగా మచ్చలు కనబడితే అవి తగ్గేదాకా పూర్తిగా మానేయాలి, పౌడర్ కొట్టి మళ్ళీ వేసుకుంటే ముదురుతుంది. చలికాలం పొద్దున్నే డబ్బాలోంచి తీసి పెట్టుకుంటే మంచుముద్దల్ని గుండెకి హత్తుకున్నట్టే ఉంటాయి, గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి తుడిచి పెట్టుకోండి. ఒకసారి ఒంటి వేడికి వచ్చాక ఇక అలాగే ఉంటాయి, అప్పుడే వాటి అసలు సుఖం తెలుస్తుంది.

కడగడం పెద్ద విద్య కాదు. వేసుకున్న ప్రతిసారీ, గోరువెచ్చటి నీళ్ళు, స్నానం సబ్బు నురగ, చేత్తో మెల్లగా. పీచు వద్దు, బట్టల సబ్బు, స్పిరిట్, శానిటైజర్ వద్దు. మెత్తటి తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు, పిండే ప్రయత్నం అసలే వద్దు. నీడలో ఆరాక వెనకవైపు చిటికెడు పౌడర్. బాల్కనీలో ఎండలో పెట్టకండి, ఎండ దెబ్బ ఒకటి, ఎదురింటివాళ్ళ చూపు ఇంకొకటి. జిగురు వెనక ఉన్నవాటికి మెత్తటి బ్రష్‌తో ఆ జిగురు మీది మృతకణాలు కడిగి, ఆరాక దాని ప్లాస్టిక్ పొర మళ్ళీ అతికించాలి.

దాచడం మాత్రం చాలామంది పాడుచేస్తారు. దొరక్కూడదని బీరువాలో చీరల కింద కుక్కేస్తారు, ముడత పడిన చోటే తర్వాత పొర చిట్లుతుంది. మంచి జతకి దాని ఆకారంలోనే గుంట ఉన్న డబ్బా ఇస్తారు, అందులో బోర్లా, అంటే వెనకభాగం గుంటగా పైకి చూసేలా పెట్టాలి. మీద ఏమీ పెట్టకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ముదురు రంగు గుడ్డలు తగిలేలా ఉంచకూడదు, కొత్త నల్ల బ్రా, ఎర్ర జాకెట్టు లైనింగ్ రంగు పొరలోకి దిగితే పోదు. అందుకే కొత్త రంగు బ్రా అయితే రెండుసార్లు ఉతికాకే వాడతాను. విమానంలో తీసుకెళితే జెల్‌లో చిన్న బుడగలు కనబడొచ్చు, గాలి ఒత్తిడి వల్ల వస్తాయి, దిగాక వాటంతటవే పోతాయి.

కొనేచోటు గురించి. 2020 నవంబర్‌లో చైనా షాపింగ్ యాప్ అలీఎక్స్‌ప్రెస్‌ని మన దేశంలో నిషేధించేదాకా చాలామంది అక్కడే తెప్పించుకునేవాళ్ళు. ఇప్పుడు ఇక్కడి ఆన్‌లైన్ అమ్మకందారులే ఆ సరుకుని ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. ఒకరి దగ్గర టియర్‌డ్రాప్ జత తెప్పిస్తే అట్టపెట్టె మీద వస్తువు పేరు పెద్ద అక్షరాలతో రాసి పంపారు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాన్ని చదివి మరీ ఇచ్చాడు. పేరు రాయకుండా పంపుతారా అని ముందే అడిగి, రాతలో సమాధానం తీసుకోండి.

దానికంటే నాకు క్యాన్సర్ ఆస్పత్రుల దగ్గరి షాపులు, కోఠి వైపు సర్జికల్ షాపులు నచ్చాయి. నేను వెళ్ళినచోట కౌంటర్లో ఒక పెద్దావిడ ఉంది. ‘ఎవరికండీ?’ అంది. ‘నాకేనమ్మా’ అన్నాను. ఒక్క క్షణం చూసి, ‘కొలత తెలుసా బాబూ, టేపు ఇమ్మంటావా?’ అంది, అంతే. చేతిలో పెట్టి చూపించింది, పొర మందం, అంచు ఎంత పల్చగా దిగుతోంది, అన్నీ పట్టుకుని చూసి కొన్నాను. జత కొనేసరికి ఐదంకెలు దాటింది, ఎందుకంటే అక్కడ ఒక్కోటి విడిగా అమ్ముతారు, ఎక్కువమందికి ఒకటే అవసరం కాబట్టి. బిల్లు దాచుకోండి, మంచి కంపెనీ ఫార్మ్‌కి సాధారణంగా రెండేళ్ళ వారంటీ ఉంటుంది, అతుకు దగ్గర విడిపోతే ఇస్తారు, పిన్ను గుచ్చుకుంటే ఇవ్వరు. ఆ షాపుకి వచ్చే ఆడవాళ్ళు మనకంటే చాలా కష్టం మీద వస్తారు, వాళ్ళున్నప్పుడు బయట ఆగి తర్వాత వెళ్ళండి, సెల్ఫీలు, జోకులు వద్దు. క్యాన్సర్ పేషెంట్లకి ఉచితంగా ఇచ్చే నూలు ఫార్మ్స్ అడిగి తెచ్చుకోకండి, అవి వాళ్ళవి. ‘నిట్టెడ్ నాకర్స్’ పేరుతో వాటి అల్లిక ప్యాటర్న్ నెట్‌లో ఉచితంగా ఉంది, అల్లగలిగినవాళ్ళు అల్లుకోండి, లోపల దిండుల్లో వాడే పాలిస్టర్ ఫైబర్ నింపితే చాలు. బరువు ఉండదు, మిషన్‌లో ఉతకొచ్చు, ఎండాకాలం ఇంట్లో టీషర్టు కింద నేను వాటినే వాడుతున్నాను.

డబ్బు లేని కుర్రాళ్ళకి ఒక మాట. నైలాన్ స్టాకింగ్‌లో కొర్రలు గానీ సగ్గుబియ్యం గానీ పోసి ముడేసి బ్రాలో పెట్టుకుంటే బరువూ కదలికా రెండూ వస్తాయి, తడి తగిలితే పురుగు పడుతుంది కాబట్టి నెలకోసారి మార్చాలి. నీళ్ళ బెలూన్లు మాత్రం వద్దు, ఆటోలో కుదుపుకి పగిలితే చెప్పుకోలేరు.

పాడైన జతని పారేసేటప్పుడు అలాగే చెత్తబుట్టలో వేస్తే చెత్త తీసుకెళ్ళేవాళ్ళు హడలిపోతారు, అపార్ట్‌మెంట్ అంతా తెలుస్తుంది. పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, కవర్‌లో పెట్టి టేపు వేసి, పొడి చెత్తలో వేయండి. ముక్కలు కోయాలని చూడకండి, లోపలి జెల్ కత్తెరకి, చేతులకి, నేలకి అంటుకుని పొద్దుపోయేదాకా వదలదు.